వైకల్యం ఉన్న కళాకారులకు గ్రాంట్లు, ప్రదర్శనలు, ఉపాధి: ఫైలు తయారీ నుంచి డబ్బు చేతికొచ్చేదాకా

తెలుగు రాష్ట్రాల్లో వైకల్యం ఉన్న చిత్రకారుడైనా, శిల్పి అయినా, గాయని అయినా సాయం కోసం మొదట వెళ్లేది సంక్షేమ శాఖ ఆఫీసుకే. అక్కడ పింఛను, మూడు చక్రాల బండి, రుణం గురించి చెబుతారు. ఫెలోషిప్ అన్న మాట వినపడదు. సాంస్కృతిక శాఖకు వెళ్తే ఫెలోషిప్పుల సంగతి తెలుస్తుంది గాని, వెంట వచ్చే సహాయకుడి ఖర్చు ఎవరిస్తారంటే జవాబుండదు. అవకాశాలు రెండు చోట్లా ఉన్నాయి. ఒక చోటి వాళ్లకు రెండో చోటి సంగతి తెలియదు, అంతే. అందుకే ఈ మార్గదర్శి అంతా ఒక పద్ధతి మీద నడుస్తుంది: మీ దగ్గర రెండు ఫైళ్లు ఉండాలి. ఒకటి మీ పనిని చూపే కళ ఫైలు, రెండోది వైకల్యం, గుర్తింపు పత్రాలుండే హక్కు ఫైలు. ఏ తలుపు దగ్గర ఏది ముందు తీయాలో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

అడుగుతున్నది దయాధర్మం కాదని ముందే మనసులో పెట్టుకోండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితం గురించే. వైకల్యం ఉన్న కళాకారులకు, రచయితలకు సౌకర్యాలు, మద్దతు, స్పాన్సర్‌షిప్ ఇవ్వడం ప్రభుత్వం తీసుకోవాల్సిన చర్యల్లో ఒకటని అందులో ఉంది. అర్జీలో ఈ సెక్షన్ పేరు ఒక్క వాక్యంలో రాస్తే చాలు.

మొదటి అడుగు: హక్కు ఫైలు

ఇందులో ముఖ్యమైన కాగితం యూడీఐడీ కార్డు, అంటే దేశమంతటా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు. ఇది కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్ ద్వారా వస్తుంది. 40 శాతం లోపు వైకల్యానికి తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, అంతకు మించితే నీలం రంగు కార్డు. చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. ఆటిజం, మానసిక అనారోగ్యం, తలసీమియా, పార్కిన్సన్స్ కూడా వాటిలో ఉన్నాయి. చేతులూ కాళ్లూ బాగానే ఉన్నాయి కదా అని ఆగిపోకండి. పాత సదరం సర్టిఫికెట్ మాత్రమే ఉన్నవాళ్లు యూడీఐడీ నంబరు కూడా తెచ్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వ దరఖాస్తులు అడిగేది ఆ నంబరునే.

రిజర్వేషన్లకూ, చాలా ప్రభుత్వ పథకాలకూ 40 శాతం గీత. మీది 30 శాతమే అయినా కార్డు తీసుకోండి. ప్రైవేటు ఫౌండేషన్లు, ఫెస్టివళ్లు చాలా వరకు శాతం అడగవు. మీకు ఏ సౌకర్యం కావాలో మాత్రమే అడుగుతాయి.

ఎక్కువ మంది ఇరుక్కునేది పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు, యూడీఐడీలో ఒక్క అక్షరం, బ్యాంకు పాసుబుక్కులో ఇంటిపేరు చివర. మనుషులకు ఇది ఒకే పేరు, కంప్యూటర్‌కు ముగ్గురు మనుషులు. మంజూరైన డబ్బు ఖాతాలో పడకుండా వెనక్కి పోవడానికి తరచూ ఇదే కారణం. నోటిఫికేషన్ వచ్చాక సరిచేద్దామంటే కుదరదు, వారాలు పడుతుంది. ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా మిగతా రెండూ అలాగే మార్పించుకోండి.

ఆధార్, పాన్, పాసుబుక్కు మొదటి పేజీ, నివాస, ఆదాయ ధ్రువపత్రాలు, ఆరు నెలల్లో తీయించుకున్న ఫోటో, సంతకం లేదా వేలిముద్ర స్కాన్. వీటన్నిటినీ రెండు సైజుల్లో దాచుకోండి: ఒకటి పూర్తి నాణ్యతతో, రెండోది 200 కేబీ లోపు. రైల్వే రాయితీ గుర్తింపు కార్డు కూడా ఈ ఫైలులోదే. ఊరు దాటి ప్రదర్శనకు వెళ్లేటప్పుడు అది నిజమైన డబ్బు. పూర్తిగా చూపు లేనివాళ్లకు, మేధో వైకల్యం ఉన్నవాళ్లకు, తోడు లేనిదే ప్రయాణం చేయలేని శారీరక వైకల్యం ఉన్నవాళ్లకు స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం తగ్గింపు ఉంటుంది. తోడు వచ్చేవాళ్లకూ అంతే.

కళాకారుడికి ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాల్లో ఏదైనా ఉండి 18 ఏళ్లు నిండితే, తల్లిదండ్రులు తమంతట తాము చట్టపరమైన సంరక్షకులుగా కొనసాగరు. ఒప్పందం మీద, బ్యాంకులో వాళ్ల సంతకం చెల్లాలంటే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ నుంచి సంరక్షకత్వ పత్రం తీసుకోవాలి. మొదటి చిత్రం అమ్ముడుపోయిన రోజున దీని కోసం పరుగెత్తడం కంటే ముందే తీసుకోవడం మేలు.

రెండో అడుగు: కళ ఫైలు

ఎంపిక కమిటీ మొదట చూసేది మీ పని ఫోటోల్నే. చెడ్డ ఫోటోలో మంచి చిత్రం కూడా చెడ్డదే.

ఫ్లాష్ వద్దు, ఎండ సూటిగా పడకూడదు. ఉదయం పది గంటల వేళ వరండా నీడ సరిగ్గా సరిపోతుంది. అద్దం ఉంటే ఫ్రేము నుంచి తీసేయండి. ఫోను మధ్యభాగం చిత్రం మధ్యభాగానికి ఎదురుగా, అదే ఎత్తులో ఉండాలి. దగ్గరికెళ్లి తీస్తే అంచులు ఉబ్బుతాయి. రెండు మీటర్లు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌లో తీయండి. వీల్‌చెయిర్‌లో ఉండి గోడ మీది చిత్రం ఎత్తుకు ఫోను అందకపోతే చిత్రాన్నే కుర్చీ మీదికి దించి గోడకు ఆనించండి, ఫోనును చిన్న ట్రైపాడ్ మీద పెట్టి టైమర్ వాడండి. శిల్పానికి మూడు వైపుల నుంచి మూడు ఫోటోలు, దగ్గరి నుంచి ఒకటి.

పొడవు వైపు 3000 పిక్సెళ్లు ఉన్న అసలు ఫైలు దాచుకుని, దాని నుంచి 2 ఎంబీ లోపు కాపీ చేసుకోండి. ఫైలు పేరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచండి, తెలుగు అక్షరాల ఫైలు పేర్లను కొన్ని పోర్టళ్లు తీసుకోవు. శీర్షిక, మాధ్యమం, ఎత్తు ఇంటూ వెడల్పు, సంవత్సరం ప్రతి చిత్రం కింద ఒకే వరసలో ఉండాలి. 12 నుంచి 15 చిత్రాలు చాలు. అన్నీ గత మూడేళ్లవైతే మంచిది. బడిలో ఉన్నప్పుడు గీసిన గాంధీ, నెహ్రూ బొమ్మలు అందులో కలపొద్దు.

గాయకులు, నాట్యకారులైతే మూడు నిమిషాల వీడియోలు రెండు చాలు. కోత, ఎడిటింగ్ లేకుండా ఒకే షాట్‌లో తీసినవి కావాలి. సన్మానం, శాలువా, ముఖ్య అతిథి ప్రసంగం ముందు వచ్చే వీడియోను ఎంపిక చేసేవాళ్లు ముప్పై సెకన్లలో మూసేస్తారు.

ఇక కళాకారుడి వివరణ. 150 నుంచి 200 మాటలు. చాలా మంది ఇలా రాస్తారు: "పోలియో వల్ల నడవలేకపోయినా పట్టుదలతో చిత్రకళ సాధన చేస్తున్నాను." ఇందులో చిత్రం ఎక్కడ ఉంది? ఇదే మనిషి ఇలా రాయవచ్చు: "నేల మీద కూర్చుని, రెండడుగుల ఎత్తు నుంచి కనిపించే వాకిలిని గీస్తాను. ఆ ఎత్తు నుంచి ముగ్గు గీత దారిలా సాగుతుంది, గుమ్మం కొండలా లేస్తుంది. కాగితం నా చేతికి అందే 22 అంగుళాలు దాటదు." వైకల్యం ఇందులోనూ ఉంది, కానీ పని గురించి చెబుతూ ఉంది. బెంగాలీ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ చూపు పూర్తిగా పోయాక కాగితం కత్తిరింపులతో కొలాజ్‌లు చేశారు, శాంతినికేతన్ కళాభవన్ గోడ మీద టైళ్లతో కుడ్యచిత్రం చేశారు. చూపు పోయింది కాబట్టి జాలిపడి వాటిని చూడరు ఎవరూ. చేతితో తడిమి ఆకారాన్ని కట్టిన తీరు కోసం చూస్తారు.

తెలుగులో టైపు చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో డీటీపీ సెంటర్‌లో టైపు చేయించిన వివరణ కాగితం మీద ముద్రిస్తే బాగానే ఉంటుంది. దాన్ని మెయిల్‌లో అంటిస్తే అవతలి కంప్యూటర్‌లో అర్థం లేని ఇంగ్లిష్ గుర్తులవుతుంది. తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని తెలుగుగా చదవలేదు, చూపు లేని కళాకారుడు తన దరఖాస్తును తానే సరిచూసుకోలేడు. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే తెరుచుకునే యూనికోడ్‌లోనే టైపు చేయించండి. సెంటర్ వాళ్లు "పీడీఎఫ్ ఇస్తాం కదా" అంటే ఒప్పుకోవద్దు. వర్డ్ ఫైలు తీసుకుని, ఫోన్‌లో తెరిచి, ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్‌తో మొదటి పేరా వినండి. సరిగ్గా చదివితే అప్పుడు డబ్బివ్వండి.

మూడో అడుగు: ఎక్కడ వెతకాలి

కళ ఫైలు ముందు తీయాల్సిన చోట్లతో మొదలుపెడదాం.

కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ పథకాలు వయసు మెట్లుగా ఉంటాయి. 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు సీసీఆర్‌టీ (ఆ శాఖ కిందున్న సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం) కల్చరల్ టాలెంట్ సెర్చ్ స్కాలర్‌షిప్. మొత్తం 650లో 20 వైకల్యం ఉన్న పిల్లలకే కేటాయించారు. ఏడాదికి 3,600 రూపాయలు, దాంతోపాటు గురువుకు కట్టే ఫీజు ఒక పరిమితి వరకు. డబ్బు చిన్నదే గాని, పిల్లవాడి పేరు జాతీయ జాబితాలోకి ఎక్కుతుంది. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు యువ కళాకారుల స్కాలర్‌షిప్, నెలకు 5,000 చొప్పున రెండేళ్లు. గురువు దగ్గరో సంస్థలోనో కనీసం ఐదేళ్లు నేర్చుకున్నట్టు పత్రం కావాలి. ఊళ్లో మాస్టారి దగ్గర నేర్చుకున్నవాళ్లు ఆయన చేత తేదీలతో సహా ఇప్పుడే రాయించి పెట్టుకోండి. 25 నుంచి 40 వరకు జూనియర్ ఫెలోషిప్, నెలకు 10,000. 40 దాటితే సీనియర్ ఫెలోషిప్, నెలకు 20,000. రెండూ రెండేళ్లే. ఈ ఫెలోషిప్పులకు వేసే పరిశోధన ప్రతిపాదనలో మీ సాధన పద్ధతే అంశం కావచ్చు: బధిరులకు తాళం నేర్పే తీరు, చేతితో తడిమే చేర్యాల పటం, ఇలాంటివి. 60 దాటిన, ఏడాది ఆదాయం 72,000 మించని కళాకారులకు నెలకు 6,000 వరకు ఆర్థిక సాయం ఉంది. సీసీఆర్‌టీ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. ప్రకటనలు ఏటా ఒకే నెలలో రావు, కాబట్టి నెలకోసారి వాళ్ల వెబ్‌సైట్ చూడటం అలవాటు చేసుకోండి.

లలిత కళా అకాడమీ జాతీయ ప్రదర్శన అందరితో పోటీ. వైకల్యం అడగరు. అందులో ఎంపికైతే ఆ ఒక్క వాక్యం మీ బయోడేటాలో పది సన్మానాల కంటే బరువు. మనకు దగ్గరి ప్రాంతీయ కేంద్రం చెన్నైలో ఉంది. కళా ప్రాజెక్టులకు గ్రాంట్లిచ్చే బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 1993లో మొదలైంది. అది ఇంగ్లిష్‌తో పాటు భారతీయ భాషల్లో ప్రతిపాదనలు తీసుకుంటుంది, అంటే తెలుగులోనే రాయవచ్చు. ఇంగ్లిష్ రాదని ఆగిపోయినవాళ్లు మొదట తట్టాల్సిన తలుపు ఇదే. రాష్ట్రాల్లో తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ రవీంద్రభారతి ఆవరణ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో సృజనాత్మకత, సంస్కృతి సమితి విజయవాడ నుంచి పనిచేస్తాయి. పండగలు, ఉత్సవాల్లో కార్యక్రమాల జాబితాలో పేరుండాలంటే ఏటా కొత్తగా అర్జీ పెట్టాలి.

ఇక హక్కు ఫైలు ముందు తీసే చోట్లు. వీటిలో చాలా మందికి తెలియనిది, కళాకారులకు బాగా పనికొచ్చేది వికలాంగుల జాతీయ నిధి. హక్కుల చట్టంలోనే దీనికి చోటుంది. రాష్ట్ర స్థాయిలో లలితకళలు, సంగీతం, నాట్యం, నాటకం, సినిమా, సాహిత్యంలో రాణించిన వైకల్యం ఉన్నవాళ్లు జాతీయ, అంతర్జాతీయ కార్యక్రమాలకు వెళ్లడానికి ఇందులో నుంచి సాయం ఇస్తారు. వాళ్ల చిత్రాలు, హస్తకళలు చూపే ప్రదర్శనలకూ ఇస్తారు. ఆహ్వాన పత్రం చేతిలో ఉండాలి, రాష్ట్ర స్థాయి గుర్తింపుకు రుజువు ఉండాలి. అందుకే జిల్లా, రాష్ట్ర పోటీల సర్టిఫికెట్లు పారేయకండి.

కేంద్ర వికలాంగుల సాధికారత శాఖ 2022 డిసెంబరులో ఢిల్లీలో మొదలుపెట్టిన దివ్య కళా మేళా ఆ తర్వాత దేశంలోని వేర్వేరు నగరాల్లో జరుగుతోంది. అది అమ్మకాల మేళా. చిన్న చిత్రాలు, ముద్రణలు, అలంకరణ వస్తువులు పోతాయి, 40 వేల రూపాయల కాన్వాసు పోదు. అదే శాఖ దివ్య కళా శక్తి పేరుతో పాట, నాట్యం ప్రదర్శనలు పెడుతుంది. 2023 నుంచి గోవాలో జరుగుతున్న వైకల్యం ఉన్నవాళ్ల ఉత్సవం పర్పుల్ ఫెస్ట్‌లో వేదిక దొరికితే దేశమంతటి నుంచి వచ్చిన వైకల్యం ఉన్న కళాకారులతో పరిచయాలు అవుతాయి. డిసెంబరు 3న రాష్ట్రపతి ఇచ్చే వికలాంగుల సాధికారత జాతీయ పురస్కారాలకు దరఖాస్తు రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో, ఆన్‌లైన్‌లోనే. డిసెంబరు కదా అనుకుంటే గడువు దాటిపోతుంది. వేసవి ముగిసేసరికే పత్రాలు సిద్ధంగా ఉండాలి.

స్వచ్ఛంద రంగంలో ఢిల్లీలోని ఫ్యామిలీ ఆఫ్ డిజేబుల్డ్ సంస్థ బియాండ్ లిమిట్స్ పేరుతో ఏళ్లుగా చిత్ర ప్రదర్శనలు నిర్వహిస్తోంది. అటిపికల్ అడ్వాంటేజ్ వేదికలో పేరు నమోదు చేసుకుంటే కంపెనీల నుంచి చిత్రాల ఆర్డర్లు, కార్యక్రమాలకు పిలుపులు వస్తాయి. చేతులు పనిచేయక నోటితోనో కాలితోనో గీసేవాళ్లకు మౌత్ అండ్ ఫుట్ పెయింటింగ్ ఆర్టిస్ట్స్ సంఘం ఉంది. ఎరిష్ స్టెగ్‌మన్ 1956లో దీన్ని స్థాపించారు. భారత శాఖ ముంబైలో ఉంది. మొదట విద్యార్థిగా చేర్చుకుని నేర్చుకోవడానికి స్టైపెండ్ ఇస్తారు, నాణ్యత పెరిగాక సభ్యత్వం. వాళ్లు బతికేది కార్డులు, క్యాలెండర్ల అమ్మకం మీద, దానం మీద కాదు. ఆ షరతుకు సరిపోయేవాళ్లు తప్పకుండా దరఖాస్తు పెట్టాలి.

చేతివృత్తుల కళాకారులది వేరే దారి. ఏటికొప్పాక, కొండపల్లి, నిర్మల్, చేర్యాల, కలంకారీ, తోలుబొమ్మల వాళ్లు ముందు హస్తకళల కమిషనర్ ఇచ్చే పెహచాన్ కార్డు తీసుకోవాలి, మేళాల్లో స్టాల్ దానితోనే. 2023 సెప్టెంబరు 17న వచ్చిన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి. బొమ్మల తయారీ, శిల్పం, కుమ్మరం, బుట్టల అల్లిక వాటిలో ఉన్నాయి. పనిముట్లకు 15,000 వోచర్, శిక్షణలో రోజుకు 500, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రుణం. కాన్వాసు మీద బొమ్మలు వేసేవాళ్లు ఈ 18లోకి రారు, దరఖాస్తు చేసి నిరాశపడొద్దు.

కంపెనీల సీఎస్ఆర్ డబ్బు, అంటే సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు గురించి ఒక మాట. వ్యక్తికి నేరుగా ఇవ్వరు. ఆ డబ్బు తీసుకోవడానికి కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖలో చేయించుకునే సీఎస్ఆర్-1 నమోదు ఉన్న ట్రస్టు, సొసైటీ లాంటి సంస్థ ద్వారా ఇస్తారు. కాబట్టి కంపెనీకి ఒంటరిగా ఉత్తరం రాయకుండా, అలాంటి సంస్థతో కలిసి నలుగురైదుగురు కళాకారుల ప్రాజెక్టుగా వెళ్లండి.

ఎంట్రీ ఫీజు కడితే అంతర్జాతీయ అవార్డు, డాక్టరేట్ ఇస్తామనే వాట్సాప్ సందేశాలు వైకల్యం ఉన్న కళాకారులకు ప్రత్యేకంగా వస్తుంటాయి. డబ్బు తీసుకుని ఇచ్చే బిరుదు ఏ ఎంపిక కమిటీ ముందూ పనిచేయదు.

నాలుగో అడుగు: బడ్జెట్

దరఖాస్తులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఎక్కువ అడిగితే ఇవ్వరేమోనని సహాయకుడి ఖర్చు, కారు ఖర్చు వదిలేస్తారు. గ్రాంటు వస్తుంది, ఆ ఖర్చు ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. సౌకర్యాల ఖర్చును దాచొద్దు, వేరే శీర్షిక కింద విడిగా చూపండి. కొన్ని ఫౌండేషన్లు దాన్ని అసలు బడ్జెట్‌తో పోటీ పెట్టకుండా విడిగా పరిశీలిస్తాయి.

ఉదాహరణకు కర్నూలు నుంచి వీల్‌చెయిర్ వాడే చిత్రకారిణి హైదరాబాద్‌లో 15 చిత్రాలతో ఐదు రోజుల ప్రదర్శన పెడుతోందనుకుందాం. ధరలు మీ ఊరివి వేసుకోండి.

ఫ్రేములు 15, ఒక్కోటి 1,800 చొప్పున: 27,000
రవాణా, రానూపోనూ: 12,000
పేరు పలకలు, ఆహ్వానాలు: 6,000
ఫోటోలు: 5,000
కళాకారిణి పారితోషికం: 30,000
(మొత్తం 80,000)

సహాయకురాలు 7 రోజులు, రోజుకు 1,000: 7,000
కారు 7 రోజులు, రోజుకు 1,500: 10,500
సంజ్ఞా భాష అనువాదకులు ఇద్దరు, ప్రారంభం రోజు: 7,000
పెద్ద అక్షరాల పలకలు, ఆడియో వివరణ: 3,000
(సౌకర్యాలు 27,500)

అనుకోని ఖర్చులు 10 శాతం: 10,750
అంతా కలిపి: 1,18,250

బడ్జెట్‌లో పారితోషికం వరసను కొట్టేయొద్దు. ఫ్రేములు చేసినవాడికి, లారీ డ్రైవరుకు డబ్బిచ్చి, బొమ్మ వేసినవాళ్లకు ఇవ్వకపోవడం న్యాయం కాదు. అనువాదకులు ఇద్దరెందుకని అడుగుతారు. గంట దాటిన కార్యక్రమంలో ఒక్కరే చేస్తే అలసిపోయి తప్పులు వస్తాయి. ఇద్దరుంటే పదిహేను, ఇరవై నిమిషాలకోసారి మారతారు. ఈ కారణం బడ్జెట్ పక్కనే రాయండి.

ఐదో అడుగు: ప్రదర్శన

హాలు బుక్ చేసే ముందు మీరో, మీ మనిషో టేపు తీసుకుని వెళ్లాలి. "ర్యాంపు ఉందండీ" అన్న మాట చాలదు. ఎత్తు 1 అయితే పొడవు 12 ఉండాలి. అంటే 6 అంగుళాల మెట్టుకు 6 అడుగుల ర్యాంపు. రెండడుగుల చెక్క పలక వేసి ర్యాంపంటే బండి వెనక్కి పల్టీ కొడుతుంది. తలుపు తెరిచాక ఖాళీ 900 మిల్లీమీటర్లు ఉండాలి. లిఫ్ట్, టాయిలెట్ రెండూ స్వయంగా చూడాలి. టాయిలెట్‌ను స్టోర్ రూములా వాడే హాళ్లున్నాయి. ప్రజలు వాడే పాత భవనాలను అందుబాటులోకి మార్చడానికి చట్టం ఐదేళ్లు ఇచ్చింది. 2017 జూన్‌లో వచ్చిన నియమాల నుంచి లెక్కిస్తే ఆ గడువు 2022లోనే ముగిసింది. ప్రభుత్వ హాలులో ర్యాంపు లేకపోతే రాతపూర్వకంగా అడగండి, జవాబు లేకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

హైదరాబాద్‌లో మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్, రవీంద్రభారతిలోని ఐసీసీఆర్ గ్యాలరీ అందరికీ తెలిసినవే. రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీ ఉంది. ప్రైవేటు గ్యాలరీకి వెళ్లేముందు వాళ్లు గత ఏడాది ఏం చూపించారో చూడండి. నైరూప్య చిత్రాలు చూపించే చోటికి దేవుళ్ల బొమ్మలు పట్టుకెళ్తే కాదంటారు, అది మీ వైకల్యం వల్ల కాదు.

చిత్రం మధ్యభాగం నేల నుంచి 57, 60 అంగుళాల మధ్య ఉండేలా వేలాడదీయడం గ్యాలరీల అలవాటు. అది నిలబడి చూసేవాళ్ల కొలత. 52, 54 అంగుళాలకు దించితే కూర్చుని చూసేవాళ్లకూ బాగుంటుంది, నిలబడ్డవాళ్లకు ఇబ్బంది ఉండదు.

ధర వేసేటప్పుడు చదరపు అంగుళం లెక్క పెట్టుకోండి. 24 ఇంటూ 30 చిత్రం 720 చదరపు అంగుళాలు. చదరపు అంగుళానికి 15 రూపాయలు అనుకుంటే 10,800. ఫ్రేము విడిగా. గ్యాలరీ కమిషన్ సాధారణంగా 30 నుంచి 50 శాతం. ఇక్కడ లెక్క తప్పుతుంది. చేతికి 12,000 రావాలి, కమిషన్ 40 శాతం అనుకోండి. చాలా మంది 12,000కు 40 శాతం కలిపి 16,800 పెడతారు. అందులో 40 శాతం పోతే చేతికొచ్చేది 10,080. సరైన లెక్క 12,000ను 0.6తో భాగించడం: 20,000. ఇంటికొచ్చి కొన్నవాళ్లకూ అదే ధర చెప్పండి. ఇంటి దగ్గర సగానికి అమ్మితే గ్యాలరీ రెండోసారి పిలవదు.

పత్రికలకిచ్చే నోట్ అచ్చుకు వెళ్లేముందు మీకు చూపించాలని ముందే మాట తీసుకోండి. "విధిని జయించిన కుంచె" లాంటి శీర్షికల కింద చిత్రాల పేర్లు కూడా లేని వార్తలు వస్తుంటాయి. నోట్ మొదటి వాక్యం ప్రదర్శన దేని గురించో చెప్పాలి.

ఆరో అడుగు: కాగితం మీద ఒప్పందం

సేవా సంస్థలు, బ్యాంకులు క్యాలెండర్‌కు మీ చిత్రం ఉచితంగా అడుగుతాయి. ఇవ్వాలో వద్దో మీ ఇష్టం, కానీ రాసి ఇవ్వండి: ఏ చిత్రం, ఏ ఏడాది క్యాలెండర్, ఎన్ని కాపీలు, ముద్రణకు మాత్రమేనా, పేరు ఎక్కడ వేస్తారు. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ పత్రంలో కాలం రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశమంతటికీ అని లెక్క. ఒక్క ఏడాది క్యాలెండరనుకుని సంతకం పెడితే ఐదేళ్లు మీ బొమ్మ డైరీల మీద తిరగొచ్చు. చిత్రం అమ్మినా కాపీరైట్ మీదే, రాతపూర్వకంగా ఇస్తే తప్ప. చూపు లేని కళాకారులు ఒప్పందాన్ని యూనికోడ్ ఫైలుగా ముందురోజే అడిగి తీసుకుని విని, ఆ తర్వాతే వేలిముద్ర వేయాలి.

ఏడో అడుగు: నెల నెలా ఆదాయం

గ్రాంటు రెండేళ్లకు అయిపోతుంది. డ్రాయింగ్ టీచరు దారికి టీసీసీ (టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు) డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు, తర్వాత టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) వేసవి శిక్షణ. పరీక్షకు సహాయకుడు, అదనపు సమయం కావాలంటే దరఖాస్తుతో పాటే అడగాలి, హాల్ టికెట్ వచ్చాక అడిగితే కుదరదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్య సీట్లలో 5 శాతం రిజర్వేషన్ ఉంది. జేఎన్ఏఎఫ్ఏయూ (హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం), హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఆంధ్రా యూనివర్సిటీల్లో చేరాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. గాయకులు, వాద్యకారులు ఆకాశవాణి ఆడిషన్‌కు వెళ్లాలి. బీ, బీ-హై, ఏ అంటూ వచ్చే గ్రేడు ఎక్కడికెళ్లినా చెల్లుతుంది. స్వరం వినే పరీక్ష అది.

స్టూడియో పెట్టుకోవడానికి జాతీయ దివ్యాంగుల ఆర్థిక అభివృద్ధి సంస్థ తక్కువ వడ్డీ రుణాలు రాష్ట్ర కార్పొరేషన్లు, బ్యాంకుల ద్వారా ఇస్తుంది. అది గ్రాంటు కాదు, తిరిగి కట్టాలి. గత ఏడాది అమ్మకాల రసీదులుంటేనే ఆ వైపు వెళ్లండి. ఆదాయపు పన్ను కట్టే స్థాయికి వస్తే, పాత పన్ను విధానంలో 40 శాతం వైకల్యానికి 75,000, 80 శాతానికి 1,25,000 మినహాయింపు ఉంది. కొత్త విధానంలో లేదు. రెండు లెక్కలూ వేయించి చూడండి. ఇంట్లో పింఛను వస్తుంటే, పెద్ద మొత్తం ఖాతాలో పడేముందు కుటుంబ ఆదాయ పరిమితి గురించి గ్రామ, వార్డు సచివాలయంలోనో ఎంపీడీవో ఆఫీసులోనో కనుక్కోండి.

మంజూరయ్యాక, కాకపోయాక

గ్రాంటు వచ్చిన రోజే ఒక కవరు పెట్టి, ప్రతి బిల్లూ అందులో వేయండి. ఆటోకు బిల్లు రాదు కాబట్టి తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత అని చేతిరాత వోచరు రాసి సంతకం పెట్టించుకోండి. థర్మల్ కాగితం బిల్లులు ఆరు నెలల్లో తెల్లబడిపోతాయి, అదే రోజు ఫోటో తీయండి. డబ్బు ఎలా ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం ఆలస్యమైతే రెండో విడత ఆగుతుంది, తర్వాతి దరఖాస్తు కూడా అక్కడే నిలిచిపోతుంది.

కాదన్న ఉత్తరం వస్తే మర్యాదగా రెండు వాక్యాల్లో కారణం అడగండి, ప్రైవేటు సంస్థలు చాలాసార్లు చెబుతాయి. ప్రభుత్వ పథకమైతే 10 రూపాయల ఆర్టీఐ దరఖాస్తుతో మీ మార్కులు, ఎంపిక ప్రమాణాలు అడగవచ్చు. కారణం "పత్రాలు అసంపూర్ణం" అయితే హక్కు ఫైలు తెరవండి. "ప్రతిపాదన స్పష్టంగా లేదు" అంటే కళ ఫైలు తెరిచి, వివరణను చిత్రం ఎప్పుడూ చూడని ఒక మనిషికి చదివి వినిపించి, వాళ్ల మనసులో ఏ బొమ్మ కట్టిందో అడగండి. అది మీ బొమ్మకు దగ్గరగా ఉండేవరకు తిరగరాసి, వచ్చే ఏడాది మళ్లీ పంపండి.